ఏటికొప్పాక ఏటిగట్టు బాట

గడచిన సంక్రాంతి సెలవులలో నర్సీపట్నం నుండి రెండు మోటారు సైకిళ్ళపై ఏటికొప్పాక వెళ్ళాము. ముందు బండి మీద మా తమ్ముడు, మరదలు, వారి మధ్య ఆరేళ్ళ పాప. వెనుక బండి మీద మేమిద్దరము. ఒక బండిపై ముగ్గురు ఎక్కరాదని తెలియక కాదు, బస్సు కొరకు కాచుకొనే ఓపిక లేకపోయింది.

వరాహ నది ఒడ్డునున్న ఈ గ్రామపు లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆకులు, బెరళ్ళు, గింజల నుండి తీసిన రంగులను ఈ పనిలో నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మెత్తని అంకుడు కర్ర మిషనుపై తిరుగుచుండగా రంగు లక్కను దానికి అదిమితే, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. పిమ్మట మొగలి ఆకుతో మెరుగు పెడతారు. మేము ఎంతసేపు చూచినా తనివి తీరలేదు. మరదలు కాస్త ముందుకు వంగగానే పనివాడైన పెద్దాయన మిషను ఆపేశాడు. "తిరిగేదాని కాడ గుడ్డ యేలాడకూడదమ్మా" అన్నాడు. ఆమె కొంగు దోపుకుంది. పాపకు ఒక బొంగరం కొన్నాము.

ఏరు చూడాలని గట్టు బాట పట్టాము. చెరకు ట్రాక్టర్లు నలిపిన బాట అది. రెండు గాళ్ళు, నడుమ మిట్ట, అక్కడక్కడ ఇసుక. ఊరి బాటే గదాయని తమ్ముడు హెల్మెట్ తీసి అద్దానికి తగిలించాడు. మలుపులో ఇసుక తగిలింది. అతడు కంగారుగా ముందు బ్రేకు పట్టగా చక్రం జారి బండి పక్కకు ఒరిగింది. మరదలి కొంగు వెనుక చక్రపు ఊచలలో చుట్టుకుంది. ఇంజను ఆగిపోబట్టి సరిపోయింది, లేనియెడల ఏమయ్యేదో తలచుకోలేము. దేవుని కృప అనే మాట తప్ప మాకు వేరే మాట రాలేదు. పాప గడ్డానికి మూడు కుట్లు పడ్డాయి.

ఆ బండికి చీర గార్డు ఉండేది. అందం చెడుతుందని తమ్ముడే విప్పించాడు. వెనుక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కకుండా ఆ రక్షణ ఉండాలని 1989 మోటారు వాహన నియమాలే చెప్పుచున్నాయి. నాలుగేళ్ళు దాటిన పిల్లలకు హెల్మెట్ తప్పనిసరియని 2019 సవరణలో ఉన్నది. తల పెరిగిపోతుంది గదాయని మనము కొనము!

చెరకు తోటలోంచి పరుగున వచ్చిన రైతు బండి లేపుతూ తమ్మునికి చెప్పిన మాటలు మేము మరువలేదు. ఇసుక రాకముందే వేగం తగ్గించాలి, దిగిన తరువాత కాదు. ముందు బ్రేకు జోలికి పోక, రెండవ గేరులో, చూపు చక్రం మీద గాక దూరంగా ఉంచి మెల్లగా సాగాలి. పల్లంలో పెట్రోలు కలిసివస్తుందని న్యూట్రల్ వేయకూడదు, గేరే బండిని పట్టి ఉంచుతుంది.

విహార స్థలాలలో పిల్లలను ఎక్కించే లావు చక్రాల ఏటీవీ బండ్లు నాలుగు చక్రాలవి గనుక పడవని కొందరనుకుంటారు. వాలుకు అడ్డంగా తిప్పితే అవి మనిషి మీదికే బోర్లాపడతాయి. వాటిలో చాలామట్టుకు ఒక్కరి కొరకే చేసినవి. అక్కడా హెల్మెట్ అడిగి పెట్టించండి.

తిరుగు ప్రయాణంలో మరదలు, పాప ఆటోలో వచ్చారు. వారం తిరగకముందే తమ్ముడు చీర గార్డు బిగించుకొన్నాడు. పాప తలకు సరిపోయే హెల్మెట్ మాత్రం మా దగ్గర దొరకక, అనకాపల్లి నుండి తెప్పించవలసివచ్చింది.