తొక్కుడుబిళ్ళలు

ఈ విషయం వ్రాద్దామని ఆరు నెలలుగా అనుకుంటున్నాను. మొదలుపెట్టినప్పుడల్లా ఒకచోట విద్యుత్తు పాఠంగానూ మరొకచోట ఇంటిగుట్టుగానూ తయారవుతుంటే పక్కన పెడుతూ వచ్చాను. ఈ ఆదివారం పొద్దుటినుంచీ వాన. ఇంట్లో ఎవరూ లేరు. కాబట్టి రెండూ కలిపే వడ్డిస్తున్నాను, ఓపిక పట్టగలరు.

మా అమ్మాయి బేస్ గిటారు వాయిస్తుంది. 2022లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, నలుగురు స్నేహితులతో కలిసి పెళ్ళి విందుల్లోనూ కళాశాల ఉత్సవాల్లోనూ వాయించడం మొదలుపెట్టింది. ఆ రోజు నేనన్న మాట ఇక్కడ వ్రాయను. అదేమంత పెద్ద మాట కాదు. కానీ ఇంట్లో అనుకునే మాటలకు తూకంతో పని లేదు కదా. తరువాతి రెండేళ్ళలో మా ఇద్దరి మధ్య సంభాషణ "తిన్నావా", "తాళంచెవి ఎక్కడ", "వాన వచ్చేలా ఉంది" అనేవాటిని దాటలేదు. ఆమె కచేరీకి నేను ఒక్కసారీ వెళ్ళలేదు.

నా సంగతీ చెప్పాలి. ముప్ఫై మూడేళ్ళు విద్యుత్ సంస్థలో ఇంజనీరుగా పనిచేశాను. చివరి పధ్నాలుగేళ్ళు లోడ్ డిస్పాచ్ కేంద్రంలో గడిచాయి. మా కళ్ళెదుట గోడమీద ఎప్పుడూ వెలిగే అంకె ఒకటుండేది: 50. మన దేశంలో విద్యుత్తు సెకనుకు యాభైసార్లు ఊగాలి. వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే ఆ అంకె దిగుతుంది, ఉత్పత్తి ఎక్కువైతే పెరుగుతుంది. 2003 జనవరిలో దక్షిణాదికి కొత్త టారిఫ్ పద్ధతి రాకముందు, ఎండాకాలం సాయంత్రాల్లో అది 49కి దిగువకు జారిపోయిన రోజులున్నాయి. 2013 డిసెంబరు 31న దక్షిణ గ్రిడ్డు మిగతా దేశంతో కలిసింది. ఇప్పుడు 49.90కీ 50.05కీ మధ్య నిలపాలన్నది నియమం. ఈ గొడవంతా ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

ఒక రాత్రి మంచినీళ్ళకు లేచాను. హాల్లో నేలమీద, ఒక అట్టముక్క చుట్టూ తీగలు పరచుకుని కూర్చుని ఉంది అమ్మాయి. అట్టమీద రంగురంగుల ఇనప డబ్బాలు, ఒక్కొక్కటి అరచేతి ప్రమాణం. తల ఎత్తకుండానే అడిగింది.

"నాన్నా, వీటన్నిటికీ 9 వోల్టులే కావాలి. ఒక్క అడాప్టరుతో ఏడింటికీ ఇవ్వచ్చా?"

రెండేళ్ళలో నన్నడిగిన మొదటి ప్రశ్న. నేనూ తల ఎత్తకుండానే, "ఒక్కోటి ఎన్ని మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది?" అని ఎదురు ప్రశ్న వేసి పక్కన కూర్చున్నాను.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. గిటారు నుంచి వచ్చే సన్నని విద్యుత్ సంకేతం ఆంప్లిఫయరును చేరేలోపు, దారిలో ఈ డబ్బాల గుండా వెళుతుంది. ఒకటి శ్రుతి చూపిస్తుంది, ఒకటి స్వరాన్ని గరుకు చేస్తుంది, ఒకటి ప్రతిధ్వని చేరుస్తుంది. చేతులు తీగల మీద ఉంటాయి గనుక కాలితో తొక్కి వీటిని వెలిగించడం, ఆర్పడం. వాటిని పెడళ్ళంటారు. అన్నింటినీ ఒక పలకమీద వరుసగా బిగిస్తే పెడల్‌బోర్డు. చిన్నప్పుడు మా డాబామీద బొగ్గుతో గళ్ళు గీసి, ఒంటికాలిమీద గెంతుతూ మధ్యాహ్నాలన్నీ గడిపిన పిల్ల ఇప్పుడు ఈ గళ్ళ ముందు కూర్చుంది. అందుకని నేను వాటికి తొక్కుడుబిళ్ళలని పేరు పెట్టాను. అమ్మాయికి ఈ పేరు నచ్చలేదు.

లెక్క తేలికగానే తేలింది. అనలాగ్ పెడళ్ళు ఒక్కొక్కటి పది ఇరవై మిల్లీఆంపియర్లకు మించి తాగవు. డిజిటల్ డిలే ఒక్కటే వంద దాటుతుంది. అన్నీ కలిపి మూడు వందల లోపు, అంటే మూడు వాట్లు కూడా లేదు. వేల మెగావాట్లు చూసినవాణ్ణి, "ఓస్, ఇంతేనా" అనుకుని మర్నాడు కోఠీ వెళ్ళాను. గుజరాతీ గల్లీలో బరువుగా, గట్టిగా ఉన్న అడాప్టరు ఒకటి కొని తెచ్చాను.

మీటరు పెడితే, 9 వోల్టులని ముద్ర ఉన్నది కాస్తా భారం లేనప్పుడు 13 చూపించింది. పైగా చాలా ఇంటి సామాన్లకు ప్లగ్గు మధ్యభాగం ధనధ్రువమైతే, ఈ పెడళ్ళలో ఎక్కువవాటికి మధ్యది ఋణధ్రువం. చూసుకోకుండా గుచ్చితే కొన్ని డబ్బాలు అక్కడికక్కడే కాలిపోతాయి. తీగలు మార్చి, వోల్టేజి సరిచేసి తగిలించాను. స్పీకర్లోంచి తుమ్మెద దూరినట్టు గుయ్యిమని మోత.

"వంద హెర్ట్‌జ్" అన్నాను. ఏకదిశ చేసేటప్పుడు సరిగా వడకట్టకపోతే యాభై రెట్టింపై మిగిలిపోతుంది.

ఆమె బేస్ అందుకుని లావు తీగను మూడో మెట్టుమీద మీటింది. "ఇది జి స్వరం నాన్నా. 49 హెర్ట్‌జ్. నీ కరెంటు దీనికన్నా కాస్త హెచ్చు శ్రుతిలో ఉంటుంది, అందుకే అంత చిరాకు."

నేను కాసేపు మాట్లాడలేదు. ముప్ఫై మూడేళ్ళు నేను కాపలా కాసినది ఒక స్వరమని ఎవరూ చెప్పలేదు. పైగా, గ్రిడ్డు కుంగి 49కి పడి మేము గుండెలు చిక్కబట్టుకున్న సాయంత్రాల్లో, అది ఈ వాద్యానికి సరిగ్గా శ్రుతిలో ఉండేదన్నమాట!

రెండోసారి ఆధునికమైన తేలిక అడాప్టరు తెచ్చి, ఒకే తీగను ఏడుగా చీల్చి ఇచ్చాం. గుయ్యిమనడం పోయి, డిజిటల్ పెట్టె నుంచి సన్నని కీచు మొదలైంది. ఏడింటికీ తిరుగుదారి ఒక్కటే కావడంతో, ఒకదాని చప్పుడు మిగతావాటిలోకి దూరుతోంది. ఒక్కొక్క పెడలుకు విడివిడిగా విద్యుత్తునిచ్చే సరఫరా పెట్టెలుంటాయనీ, అదే కొనాల్సిందనీ ఆమెకు మొదటినుంచీ తెలుసు. ధర చూసి ఆగింది. నన్ను అడిగివుండచ్చు కదా అన్నాను. జవాబు చెప్పలేదు. ఆ జవాబు నాకూ తెలుసు.

పెట్టె వచ్చేలోగా వరుస సంగతి చూశాం. ఏది ముందు, ఏది వెనక అన్నది ఇందులో పెద్ద శాస్త్రం. మొదట శ్రుతి చూసే ట్యూనరు. కొన్ని పాటలకు ఆమె బేస్ దించి గిటారు పట్టుకుంటుంది గనుక, వాద్యం మార్చేటప్పుడు నోరు మూయించేదీ అదే. తరువాత హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసరు, ఆపైన గరుకు, చివర ప్రతిధ్వని. ప్రతిధ్వని ముందు వచ్చి గరుకు తరువాత వస్తే, మాటలన్నీ ఒకదానిమీద ఒకటి పడి ముద్దవుతాయి. మా ఆవిడ అటుగా వెళుతూ విని, "పోపు పెట్టాక పప్పు ఉడికిస్తారటోయ్" అని తేల్చేసింది.

బేస్‌కు మరో ఇబ్బంది ఉంది. గిటారు లావు తీగ 82 హెర్ట్‌జ్ దగ్గర పలికితే, బేస్‌ది అందులో సగం, 41. గిటారుకోసం చేసిన గరుకు పెడలులో వేస్తే ఆ అడుగు స్వరమే మాయమవుతుంది. అందుకని శుభ్రమైన స్వరాన్ని విడిగా నడిపి, చివర గరుకుతో కలిపే పెడలు వాడతారు.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ గరుకు పుట్టిన కథ. 1961లో అమెరికాలో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ'కి గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేస్ వాయిస్తుండగా, నాష్‌విల్ స్టూడియోలో మిక్సరు చానెలు ఒకటి పాడై స్వరం బొంగురుగా వచ్చిందట. తీసేయకుండా అలాగే ఉంచారు. విన్నవాళ్ళకు నచ్చింది. రికార్డింగు ఇంజనీరు గ్లెన్ స్నాడీ ఆ లోపాన్ని బుద్ధిపూర్వకంగా చేసే సర్క్యూటు తయారుచేస్తే, గిబ్సన్ సంస్థ 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో కాలితో తొక్కే పెట్టెగా అమ్మింది. 1965లో రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫాక్షన్'తో అది లోకమంతా పాకింది. జీవితమంతా లోపాలు వెతికి సరిచేసినవాణ్ణి; ఇక్కడ లోపాన్ని డబ్బాలో పెట్టి డబ్బిచ్చి కొంటున్నారు! నవ్వాను. అమ్మాయి కూడా నవ్వింది. మా ఇంట్లో ఇద్దరం ఒకే విషయానికి నవ్వి చాలా కాలమైంది.

పలక నేనే చేశాను. అటకమీది పాత నవారు మంచం చట్రంలోని టేకు పట్టీలు నాలుగు, మధ్యలో సందులు వదిలి అడ్డంగా బిగించాను, తీగలు కిందికి దిగిపోయేలా. వెడల్పు అరవై సెంటీమీటర్లు. వెనక వరుస కాలికి అందాలని వెనకవైపు ఎత్తు. సరఫరా పెట్టె అడుగున. పెడళ్ళు వెల్క్రో పట్టీలతో నిలిచాయి. మధ్యన కలిపే జానెడు తీగలకు జాక్‌లు నేనే టంకం పెట్టాను. చెయ్యి వణుకుతున్న సంగతి ఆమె చూసింది, ఏమీ అనలేదు.

అంతా బిగించి స్విచ్చి వేస్తే నిశ్శబ్దం. గుయ్యి లేదు, కీచు లేదు. నేను గర్వపడేలోగా బేస్ మీటింది. అదీ లేదు. "ఒక్కొక్కటే తప్పించి చూద్దాం నాన్నా. లైన్లో ఫాల్టు ఎక్కడుందో సగం సగం చేసి వెతకాలని నువ్వే అనేవాడివిగా." నాలుగో తీగలో దొరికింది. రెండు కొసలూ తారుమారు చేసి టంకం పెట్టాను. ఎవరి పనో చెప్పనక్కరలేదు.

అసలు సంగతి ఆ వారంలోనే జరిగింది. వాళ్ళ అభ్యాసం గదిలో ఆంప్లిఫయరుకూ మిక్సరుకూ రెండింటికీ కలిపేసరికి మళ్ళీ 50 హెర్ట్‌జ్ మోత. అమ్మాయి ఫోన్ చేస్తే వెళ్ళాను. వాళ్ళలో ఒక కుర్రాడు సునాయాసంగా, "ఎర్త్ పిన్ను తీసేస్తే పోతుంది అంకుల్, అందరం అదే చేస్తాం" అన్నాడు.

నేను అరిచాను. ఆ పిల్లవాడు వెనక్కి తగ్గాడు, అమ్మాయి ముఖం నల్లబడింది. కానీ ఆ పిన్ను ఎందుకుందో నాకు తెలుసు. పరికరంలో లోపం వచ్చి దాని ఇనప ఒంటికి కరెంటు చేరినప్పుడు, మనిషిలోంచి కాకుండా భూమిలోకి పోవడానికి అది దారి. అది లేకపోతే తీగలు పట్టుకున్న చెయ్యి, మైకుకు తగిలిన పెదవి ఆ దారి అవుతాయి. 1972లో స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్లీ హార్వీ, ఎర్త్ సరిగాలేని మైకు తాకి వేదికమీదే చనిపోయాడు. అంత దూరం వెళ్ళనక్కరలేదు. మన పెళ్ళి పందిళ్ళలో తీగల కొసలు ఒలిచి, సాకెట్లో దూర్చి, అగ్గిపుల్లలతో బిగించడం చూడనివారెవరు? నా ఉద్యోగంలో కరెంటు తీసుకుపోయిన మనుషుల ఇళ్ళకు వెళ్ళాను. ఏం మాట్లాడాలో తెలియక వాళ్ళ వాకిళ్ళలో నిలబడ్డాను.

ఇదంతా వాళ్ళకు చెప్పాను, గొంతు తగ్గించి. రెండేళ్ళ క్రితం ఆమెతో అన్న మాట వెనక ఉన్నదీ ఇంచుమించు ఇదే భయమని అప్పుడు నాకు తట్టింది. ఆ రోజు భయాన్ని భయంగా చెప్పడం చేతకాలేదు.

మోత ఎలా పోయిందంటారా? ఆంప్లిఫయరూ మిక్సరూ వేర్వేరు సాకెట్ల ద్వారా ఎర్త్‌కు చేరి, మధ్యలో సంకేతపు తీగ కవచం ద్వారా కూడా ఒకదానికొకటి తగిలితే ఒక వలయం ఏర్పడుతుంది. చుట్టుపక్కల కరెంటు తీగల ప్రభావం ఆ వలయంలో దూరి పలుకుతుంది. మిక్సరుకు వెళ్ళే దారిలో డి.ఐ. పెట్టె అని ఒకటుంటుంది. దానిమీద గ్రౌండ్ లిఫ్ట్ అనే మీట నొక్కితే సంకేతం వైపు వలయం తెగుతుంది, ప్రాణం కాపాడే ఎర్త్ అలాగే ఉంటుంది. నొక్కాం, పోయింది. తెంచవలసిన తీగ ఒకటి, తెంచకూడని తీగ ఒకటి. పిల్లలు పెడల్‌బోర్డు చేసుకుంటామంటే నేను మొదట చెప్పేది ఇదే. రంగు డబ్బాలు తరువాత కొనుక్కోవచ్చు.

ఆ శనివారం వాళ్ళ కచేరీకి వెళ్ళాను. అడగకుండానే. ముందుగా వేదిక వెనక్కి వెళ్ళి ప్రతి సాకెట్టులోనూ ఎర్త్ ఉందో లేదో టెస్టరు దీపంతో చూశాను. అమ్మాయి దూరం నుంచి చూసి తల కొట్టుకుంది. తరువాత చివరి వరుసలో కూర్చున్నాను. పాటలు నాకు కొత్తవి, అందులో సగం అర్థం కాలేదు. కానీ పాటకూ పాటకూ మధ్య స్పీకర్లలోంచి చిన్న చప్పుడైనా లేదు. ఆ కాసేపూ ఒళ్ళంతా చెవులు చేసుకుని విన్నాను.

మూడో పాట ముందు ఆమె కాలు చాచి ఒక బిళ్ళను తొక్కింది, ఒంటికాలిమీద, గీత తొక్కకుండా.

పెడల్‌బోర్డుకు తొక్కుడుబిళ్ళల పలక కన్నా మంచి తెలుగు మాట మీకెవరికైనా తడితే చెప్పగలరు. అమ్మాయి ఇంకా ఒప్పుకోలేదు.