తవుడుకు కొన్న పేరు

గత మార్గశిరంలో మా మనుమరాలి బారసాలకు రాయపూరు వెళ్ళాము. కోడలికి తొలి కాన్పు. ఆమె పుట్టిల్లు రాయపూరు. ఇరవై ఒకటవ రోజున బిడ్డను ఉయ్యాలలో వేసి పేరు పెట్టవలసి ఉంది. ఏ పేరన్నది మాత్రం మేము రైలెక్కే నాటికి తేలలేదు. తన నాయనమ్మ పేరు పెట్టాలని మా అబ్బాయి పట్టుదల. ఆమె, అనగా మా తల్లిగారు, తవిటమ్మ. పెద్దల పేరు పెట్టుకోవడం మన ఆచారమే అయినా, ఆ మాట ఫోనులో వినగానే మేము వెంటనే బదులు చెప్పలేకపోయాము. కారణం తరువాత మనవి చేస్తాము.

విశాఖ నుండి విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్‌ల మీదుగా రాయపూరు చేరే దారి కన్నులకు విందు. కొండలు, అడవులు, సొరంగాలు దాటిన తరువాత ఛత్తీస్‌గఢ్ మైదానంలో కోతలు ముగిసిన వరిచేలు, కుప్పలు వేసిన కళ్ళాలు కనిపిస్తాయి. విజయనగరం నుండి పార్వతీపురం వరకు 1908–09లో పడిన ఈ ఇనుపదారి రాయపూరు వరకు పూర్తి అయినది 1931లో. మన ఉత్తరాంధ్ర పల్లెల నుండి ఎందరో ఈ దారి వెంటే పొట్ట చేతబట్టుకొని వెళ్ళి రైల్వే పనులలో కుదిరారు. మా వియ్యంకుని తాతగారు వారిలో ఒకరు. ఆయన పేరు సింహాచలం. తోటివారికి ఆ పేరు నోరు తిరగలేదట. తెలుగువాడు గనుక ‘రావు’ అని పిలువసాగారు. మనుమల కాలానికి ఆ రావే ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. “మా అసలు ఇంటిపేరు మా పిల్లలకు తెలియదు బావగారూ” అని వియ్యంకుడు నవ్వుతూనే చెప్పారు గాని, ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబరు 1న ఏర్పడి, రాయపూరు దానికి రాజధాని అయింది. ఊరి వెలుపల వెలసిన కొత్త రాజధానికి 2018లో అటల్ నగర్ అని పేరు పెట్టారు. మేము ఎక్కిన ఆటో అతను మాత్రం ‘నయా రాయపూర్’ అనే అన్నాడు. పెట్టిన పేరు ఒకటి, పిలిచే పేరు ఒకటి కావడం మనుషులకే కాదు, ఊళ్ళకూ ఉన్నదన్నమాట. ఇక ఈ ప్రాంతమంతటికీ ఒక ముద్దుపేరు ఉంది: ‘ధాన్ కా కటోరా’, అంటే ధాన్యపు గిన్నె.

బారసాలకు రెండు రోజులు వ్యవధి ఉండడంతో ఊరు చూచాము. నగరం నడిబొడ్డున బూఢా తాలాబ్ అనే పెద్ద చెరువు ఉంది. దీనికే వివేకానంద సరోవరమని మరొక పేరు. ధ్యానముద్రలో కూర్చున్న స్వామి విగ్రహం నీటి నడుమ గంభీరంగా దర్శనమిస్తుంది. తండ్రి విశ్వనాథ దత్తు ఉద్యోగరీత్యా ఇక్కడ ఉండగా, 1877లో పద్నాలుగేళ్ళ నరేంద్రుడు కుటుంబంతో ఈ ఊరు చేరి, 1879 వరకు ఇక్కడే గడిపాడు. అప్పటికి ఈ ఊరికి రైలు లేదు. చాలా దూరం ఎద్దుబండ్ల మీదనే ప్రయాణం. కాశీలోని వీరేశ్వరునికి మొక్కుకొనగా పుట్టిన బిడ్డ గనుక తల్లి భువనేశ్వరీదేవి వీరేశ్వరుడని పిలుచుకున్నది. అదే ఇంట్లో ‘బిలే’ అయింది. బడిలో నరేంద్రనాథుడు, స్నేహితులకు నరేన్, లోకానికి వివేకానందుడు. 2012లో ఇక్కడి విమానాశ్రయానికి కూడా ఆ పేరే పెట్టారు. చెరువుగట్టున నిలబడి మేము ఆలోచించినది మాత్రం ‘బిలే’ అన్న చిన్నమాట గురించి. ఆ పేరుతో పిలిచే హక్కు ఇంటివారికే ఉంటుంది కదా!

మరునాడు పాతిక కిలోమీటర్లకు పైబడిన చంద్‌ఖురీకి వెళ్ళాము. చెరువు మధ్య కౌసల్యాదేవి ఆలయం. ఈ ప్రాంతం ఆమె పుట్టినిల్లని ఇక్కడివారి విశ్వాసం. ఆ లెక్కన శ్రీరాముడు వీరందరికీ మేనల్లుడు. ‘భాంచా రామ్’ అని ప్రేమగా చెప్పుకుంటారు. అందుచేతనే ఇక్కడ మేనమామలు అక్కచెల్లెళ్ళ పిల్లల పాదాలకు నమస్కరిస్తారు. మేము తిరిగి వచ్చేసరికి కోడలి తమ్ముడు పొత్తిళ్ళలోని పసిదాని పాదాలను కన్నులకద్దుకుంటున్నాడు. మేనరికాల దేశం నుండి వెళ్ళిన మాకు ఆ దృశ్యం వింతగానూ, ముచ్చటగానూ ఉంది.

ఇప్పుడు మా సంకోచానికి కారణం చెప్పాలి. మా అమ్మమ్మకు పుట్టిన ఇద్దరు బిడ్డలు పురిటిలోనే పోయారు. మూడవ బిడ్డ మా అమ్మ. మృత్యువు కన్ను పడకుండా బిడ్డను చేటలో పెట్టి పొరుగింటి ఆమెకు ఇచ్చివేసి, ఇంత తవుడు కొలిచి తిరిగి కొన్నారు. అందువల్ల తవిటమ్మ. శ్రీకాకుళం, విజయనగరం వైపు తవిటయ్యలు, తవిటినాయుడులు ఎందరో ఉన్నారు. కాని ఉద్యోగం వచ్చి పట్నవాసం పట్టిన మాకు ఆ పేరు మోటుగా తోచింది. మా పెండ్లి శుభలేఖలో అమ్మ పేరు ‘లక్ష్మి’ అని అచ్చువేయించాము. చదువురాని తల్లి ఆ కార్డు పసుపు అంచులను వేళ్ళతో తడిమి మురిసిపోయింది. ఎవరో చదివి వినిపించిన తరువాత ఒక్క మాటే అడిగింది: “ఈ లచ్చిమి ఎవుర్రా బాబూ?” ఆ ప్రశ్నకు మేము ఆనాడు జవాబు చెప్పలేదు. చెప్పకుండానే ఆమె వెళ్ళిపోయింది.

బారసాల ముందురోజు సాయంకాలం పేరుపై చర్చ జరిగింది. “తవి అని పిలిస్తే ఇక్కడి పిల్లలు ‘తవా, తవా’ అని రొట్టెల పెనం చేసి ఏడిపిస్తారు అన్నయ్యగారూ” అని వియ్యపురాలు భయపడ్డారు. ఇంతలో పక్కింటి ఛత్తీస్‌గఢీ వృద్ధురాలు వచ్చి కూర్చున్నది. వాదం దేనిగురించని అడిగితే, కోడలు ఆమె భాషలో తవుడు కథ చెప్పింది. ముసలామె పకపక నవ్వి, “నా పేరేమిటో తెలుసా? బిసాహిన్!” అన్నది. వారి భాషలో ‘బిసానా’ అంటే కొనుట. దక్కని కాన్పుల తరువాత పుట్టిన బిడ్డను నామమాత్రపు వెలకు అమ్మి తిరిగి కొనుక్కుంటే మగబిడ్డ బిసాహు, ఆడబిడ్డ బిసాహిన్. “మిగతావాళ్ళు ఊరికే పుట్టారు. నన్ను మాత్రం మా అమ్మ కొనుక్కుంది” అని ఆమె ఎంతో దర్జాగా చెప్పింది. మేము తల వంచుకున్నాము. రైలుదారికి ఆ చివర మా అమ్మ, ఈ చివర ఈమె; ఒకే భయం, ఒకే ఉపాయం. దాచుకోవలసినది ఇందులో ఏమున్నది?

వేదంలో ‘తవిషి’ అనే మాటకు బలమని అర్థమనీ, అది నాయనమ్మ పేరుకు దగ్గరగా ఉంటుందనీ పురోహితులు సూచించారు. పిల్లలిద్దరికీ నచ్చింది. మాకు మాత్రం మరల ఒక ‘లక్ష్మి’ని అచ్చువేయిస్తున్నామేమోనన్న శంక కలిగింది. ఆ మాటే చెప్పాము. కోడలు కాసేపు ఆలోచించి, “పళ్ళెంలో రెండూ వ్రాద్దాము మామయ్యగారూ. పేరు ఎలా వచ్చిందని పాప అడిగినప్పుడు ముందు తవుడు సంగతే చెబుతాను” అన్నది.

అలాగే జరిగింది. పళ్ళెంలో పరచిన బియ్యంపై ఉంగరంతో మాసనామం, నక్షత్రనామం వ్రాసిన తరువాత ‘తవిటమ్మ’ అని మా చేతనే వ్రాయించారు. దాని క్రింద ‘తవిషి’ అని అబ్బాయి వ్రాశాడు. జనన ధ్రువపత్రంలో రెండవ పేరు చేర్పించారు. (మొదటి పన్నెండు నెలలలో శిశువు పేరును రుసుము లేకుండా చేర్పించవచ్చును గనుక, పేరు విషయమై తొందరపడనవసరం లేదని తోటి ఉద్యోగులకు మనవి.)

ఇప్పుడు ఆ ఇంట్లో పసిదాన్ని వియ్యపురాలు ‘బుజ్జి’ అంటారు. పక్కింటి అవ్వ తన పేరుతోనే ‘బిసాహిన్’ అని పిలుస్తుందట. కన్నతల్లి పేరు పెట్టుకున్న బిడ్డను పేరుతో పిలువడానికి మాకు నోరు రాదు. అందుకని ఫోను చేసినప్పుడల్లా మేము “అమ్మా” అనే పిలుస్తున్నాము.