హాజరుపట్టీ

పాఠశాలలో పాఠముకంటె ముందు వినబడునవి పేర్లు. ఉపాధ్యాయుడు పేరు పిలుచును. విద్యార్థి బదులు పలుకును. హాజరుపట్టీలో ఒక గుర్తు పడును. ఇంత చిన్న పనిలో విశేషమేమున్నదని పిల్లలు తలంపవచ్చును.

కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పొలములకు నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు వచ్చును. వరినాట్ల దినములలో ఇంటిల్లిపాదియు పొలమునకు పోవుట కలదు. అట్టి సమయమున ఒక బాలిక పేరున కెదురుగా వరుసగా మూడు గైరుహాజరులు పడినవనుకొందము. తమ్ముని కాచుకొని ఇంట నుండిపోయినదేమోయని ఉపాధ్యాయుడు వెంటనే విచారింపవచ్చును. మూడవ దినమున గమనించిన లోటు తీరును. మూడవ మాసమున గమనించినచో ఆమె చదువే ఆగిపోవచ్చును. అందుచేతనే 2009 నాటి విద్యాహక్కు చట్టము, బిడ్డల హాజరును తల్లిదండ్రులకు తెలుపుటను ఉపాధ్యాయుని విధులలో చేర్చినది.

అడ్మిషను రిజిస్టరు మరియొకటి. బడిలో చేరిననాడు అందు వ్రాసిన పుట్టినతేదీయే పిమ్మట పదవ తరగతి యోగ్యతాపత్రమున కెక్కును. 2016లో సూర్యాపేట జిల్లా ఏర్పడినది. కోదాడ అందు చేరినది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచినది. ఊళ్ల జిల్లాలు మారినను, పాత రిజిస్టరులోని పుట్టినతేదీలు మారలేదు.

మంచి పట్టీకి గొప్ప విద్య అక్కరలేదు. ఆనాటి గుర్తు ఆనాడే వేయవలెను. తప్పు పడినచో చెరిపివేయక, గీతగీచి సరిదిద్ది, సంతకము చేయవలెను. మాసాంతమున మొత్తము కూడి చూడవలెను. మనుష్యుడు మరచును; వ్రాత మరువదు. అయితే ఆ వ్రాతను మరల చదివి, రాని బిడ్డ ఇంటి తలుపు తట్టువాడే నిజమైన ఉపాధ్యాయుడు.