సుందరం కొడుకు ఏం కుట్టాడు?

మొదటి భాగం బాగుంటే రెండోది తియ్యకూడదని నేననను. తీసేముందు మాత్రం ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇన్నేళ్ళలో ఆ ఊరికి ఏమైంది? 2017లో వచ్చిన 'ఫ్యాషన్ డిజైనర్ సన్నాఫ్ లేడీస్ టైలర్' చూశాక నాకనిపించింది, వంశీ గారు ఆ ప్రశ్న వేసుకోలేదని.

1986 నాటి 'లేడీస్ టైలర్' తెలియని తెలుగువాళ్ళు తక్కువే. సుందరానికి చేతిలో పనుంది, ఒంట్లో బద్ధకముంది. తొడ మీద పుట్టుమచ్చ ఉన్న అమ్మాయిని కట్టుకుంటే దశ తిరుగుతుందని కోయదొర చెప్తే, ఇహ దాన్ని వెతకడమే పని. ఇవాళ చూస్తే ఈ వ్యవహారం కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది, కాదనను. కానీ ఆడిన అబద్ధాలు చివరికి అతని మెడకే చుట్టుకుంటాయి. చుట్టూ బట్టల సత్యం లాంటి మనుషులు, తనికెళ్ళ భరణి మాటలు, ఇళయరాజా పాటలు. రాజేంద్రప్రసాద్ ఎంత వెధవ పని చేసినా మనకి కోపం రాదు, అదీ తమాషా!

మాది కొత్తపట్నం. గోదావరితో మాకేం చుట్టరికం లేదు. మాకున్నది సముద్రం, ఇసుక, సరుగుడు తోటలు. కాస్త లోపలికెళ్తే పొగాకు, మిరప, పత్తి. మా వైపు ఊళ్ళని అంత తీరిగ్గా, అంత ముద్దుగా చూపించినవాళ్ళు తక్కువ. అందుకే మాలాంటోళ్ళం గోదావరి ఊరిని అరువు తెచ్చుకున్నాం. వంశీ సినిమాలతో మొదలెట్టి, స్వాతి వీక్లీలో పసలపూడి కథల దాకా అలా అరువు మీదే బతికేశాం. అరువు ఊరైనా సరే, పాడైతే బాధ బాధే కదా!

ఇహ రెండో భాగం. సుందరం కొడుకు గోపాళం (సుమంత్ అశ్విన్). తండ్రికి పుట్టుమచ్చ అయితే కొడుక్కి అరచేతిలో మన్మథ రేఖ. మళ్ళీ అమ్మాయిలు, మళ్ళీ నాటకాలు, మళ్ళీ గోదావరి. మణిశర్మ పాటలు పర్వాలేదు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ముప్పయ్యేళ్ళ నాటి కోడ్ కాపీ కొట్టి, వేరియబుల్ పేర్లు మార్చి కొత్త వెర్షన్ అన్నట్టుంది. అది పాత మిషన్ మీద ఆడింది, ఇప్పుడాడాలని ఏముంది?

అసలు విషయం ఏంటంటే, 1986లో ఊళ్ళో టైలరంటే మామూలోడు కాదు. పండగొచ్చినా పెళ్ళొచ్చినా అతని గుమ్మం తొక్కాల్సిందే. ఊరందరి కొలతలూ అతని దగ్గరే. అందుకే సుందరం కథలో ఊరంతా పట్టింది. తర్వాత రెడీమేడ్లొచ్చాయి, నైటీలు, చుడీదార్లొచ్చాయి, ఆన్‌లైన్లో కొనడమొచ్చింది. మా ఊళ్ళో మిషన్ల ముందు ఇప్పుడు ఎక్కువగా కనపడేది జాకెట్లూ, చీర ఫాల్సూ, ప్యాంటు పొడుగు తగ్గించడాలూ. ఆ పనితోనే పిల్లల్ని చదివించుకున్నవాళ్ళున్నారు, మిషన్ అమ్మేసుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఇంత కథ ఎదురుగా పెట్టుకుని మన్మథ రేఖ ఎందుకండీ? టైలర్ కొడుకు ఫ్యాషన్ డిజైనర్ అవ్వాలనుకోవడం ఎంత మంచి పాయింటు! సుందరం తన కొలతల పుస్తకం తీసి కొడుకు చేతిలో పెడితే, వాడు అందులో ఏం చూస్తాడు? "ఇవెందుకు నాన్నా, అందరూ ఎల్, ఎక్సెల్ అంటున్నారుగా" అంటే ఆ తండ్రి ఏమంటాడు? కామెడీకి కామెడీ, కన్నీళ్ళకి కన్నీళ్ళు, రెండూ అక్కడే ఉన్నాయి.

పాత ఊరిని పాతగానే చూపించమని అడిగేది మనలాంటి అభిమానులే అనుకోండి. కానీ పాత ఊరు కావాలంటే పాత సినిమా ఉండనే ఉంది, ఇప్పటికీ నవ్విస్తుంది. రెండోసారి పిలిచినప్పుడు ఆ మనుషులు ఎలా ఉన్నారో చెప్పాలి కదా... ముసలాళ్ళయినా సరే, మిషన్ అమ్మేసుకున్నా సరే.