నాద సన్మానం

కవికి గండపెండేరం తొడగడం, గాయకునికి శాలువా కప్పడం మన సభలలో పరిపాటి. అవి గౌరవానికి గుర్తులు. అంతకు మించిన సన్మానం ఒకటి 1972 అక్టోబరులో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో జరిగింది. దానిని అందుకొన్నవాడు జాజ్ సంగీతకర్త డ్యూక్ ఎల్లింగ్టన్.

బానిసత్వపు సంకెళ్ళు తెంచుకొన్న నల్లజాతి ప్రజల వేదన నుంచి, వేడుకల నుంచి జనించినది జాజ్ సంగీతం. కర్ణాటక సంగీతంలో మనోధర్మానికి ఉన్న స్థానం వంటిదే అందులో ఆశుకల్పనకు ఉంది. 1899లో వాషింగ్టన్ నగరంలో జన్మించిన ఎల్లింగ్టన్ ఆ ఆశుకల్పనకు భంగం కలగకుండానే, వాద్యబృంద రచనతో జాజ్‌కు ప్రౌఢిమ చేకూర్చాడు. వాద్యం కోసం కాక, దానిని వాయించే వ్యక్తి కోసం రచించడం అతని ప్రత్యేకత. బృందంలోని ప్రతి కళాకారుని నాదగుణాన్నీ, స్వభావాన్నీ ఎరిగి, వారి వారికి తగినట్లు స్వరాలు కూర్చేవాడు. సుమారు అర్ధశతాబ్దం పాటు ఆ బృందాన్ని నడిపాడు.

అంతటి ప్రతిభకు కూడా గుర్తింపు సులభంగా లభించలేదు. 1965లో అతని జీవితకాల కృషికి ప్రత్యేక పులిట్జర్ పురస్కారం ఇవ్వవలసిందిగా న్యాయనిర్ణేతలు సిఫారసు చేయగా, పులిట్జర్ మండలి తిరస్కరించింది. అప్పటికి అరవై ఆరేళ్ళ వయసున్న ఎల్లింగ్టన్, మరీ చిన్నతనంలోనే తనకు కీర్తి రావడం విధికి ఇష్టం లేదు కాబోలునని చమత్కరించాడు. ఆ మాటలో గాయమూ ఉంది, గాయాన్ని దాచుకొన్న ధీరతా ఉంది.

యేల్‌లో సంగీత అధ్యాపకుడైన విల్లీ రఫ్, ఎల్లింగ్టన్ పేరిట ఒక ఫెలోషిప్ నెలకొల్పే సందర్భంలో దాదాపు నలభైమంది నల్లజాతి సంగీత విద్వాంసులను ఆహ్వానించాడు. గురుముఖతః మాత్రమే లభించే విద్య విద్యార్థులకు నేరుగా అందాలన్నది అతని సంకల్పం.

ఆ ఉత్సవంలో ఒక కచేరీ సాగుతుండగా, భవనంలో బాంబు ఉందని బెదిరింపు వచ్చింది. పోలీసులు అందరినీ వెలుపలికి పంపసాగారు. డబుల్ బాస్ వాదకుడు చార్లెస్ మింగస్ మాత్రం వేదిక దిగలేదు. జాత్యహంకారం బాంబు పెట్టగలదేమో గాని, ఈ సంగీతాన్ని చంపజాలదని చెప్పి, ఎల్లింగ్టన్ రచన 'సొఫిస్టికేటెడ్ లేడీ'ని ఏకాకిగా వాయించాడు. తెరచిన తలుపుల గుండా ఆ నాదం వెలుపలికి ప్రవహించింది. జనం మధ్య నిలిచిన ఎల్లింగ్టన్ చిరునవ్వుతో ఆలకించాడు.

ఈ మింగస్ పరాయివాడు కాడు. 1953లో కొద్దిరోజులు ఎల్లింగ్టన్ బృందంలో పనిచేసి, తోటి వాదకునితో కలహించి, ఎల్లింగ్టన్ చేతనే తొలగింపబడినవాడు. అయినా ఆ అవమానం అతని మనసులోని గురుభక్తిని చెరపలేదు. ప్రాణభయం ఎదురైన వేళ అతని వేళ్ళు వెతికినది ఆ గురువు స్వరాలనే.

బాంబు పేలలేదు. ఎల్లింగ్టన్ 1974లో కన్నుమూశాడు. అతని శతజయంతి సంవత్సరమైన 1999లో పులిట్జర్ మండలి ప్రత్యేక పురస్కారం ప్రకటించింది. అప్పటికి దానిని అందుకొనే చేతులు లేవు. యేల్ ఫెలోషిప్ మాత్రం ఎందరో విద్వాంసులను న్యూహేవెన్ నగరంలోని పాఠశాలలకు తీసుకొని వెళ్ళి, వేలాది బాలబాలికలకు ఆ సంగీతాన్ని వినిపించింది. ఎల్లింగ్టన్ కళ్ళారా చూసి, చెవులారా విన్న సన్మానం ఆనాటి ఒంటరి వాద్యనాదమే.