రెండు నదుల పుట్టిల్లు

నది అనే మాట వినగానే మనసులో మెదిలేది నిండుగా పారే ప్రవాహం, ఇసుక తిన్నెలు, రేవు మెట్లు. అది ఎక్కడ పుట్టిందో, ఎట్లా పుట్టిందో తెలుసుకోవాలనే ఆలోచన చాలామందికి రాదు. హైదరాబాదు నగరంలో నయాపూల్ వంతెన మీదుగా ప్రతిదినం లక్షలాది జనులు రాకపోకలు సాగిస్తారు. వంతెన కింద నల్లగా, నురగలు కక్కుతూ కదిలే మూసీని చూసి ముఖం తిప్పుకొని, ముక్కు మూసుకొని సాగిపోతారు. అదే నది అక్కడికి పడమరగా ఒక కొండ చరియలో రాళ్ల సందుల నుండి స్వచ్ఛమైన ఊటగా ఉబికి వస్తుందంటే వారిలో ఎందరు నమ్ముతారు? ఆ కొండ పేరు అనంతగిరి.

హైదరాబాదుకు పశ్చిమంగా సుమారు ఎనభై కిలోమీటర్ల దూరంలో వికారాబాదు పట్టణం ఉన్నది. నిజాం రాజ్యంలో ప్రధానమంత్రిగా పనిచేసిన పైగా ప్రభువు వికార్-ఉల్-ఉమ్రా పేరు మీద ఈ ఊరికి ఆ నామం ఏర్పడింది. 1874లో సికింద్రాబాదు నుండి వాడి వరకు రైలుమార్గం పడిన తరువాత ఇది బయటి లోకానికి దగ్గరయింది. తరువాతి కాలంలో బీదరు, పర్లీల వైపు మరొక మార్గం చీలి, ఇది కూడలి స్టేషను అయింది. 2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుండి విడిపోయి వికారాబాదు ప్రత్యేక జిల్లాగా అవతరించింది. పట్టణం దాటి ఐదారు కిలోమీటర్లు పోగానే దారి మలుపులు తిరుగుతూ అడవిలోకి ప్రవేశిస్తుంది. అవే అనంతగిరి కొండలు. హిమాలయాల వలె ఆకాశాన్ని అంటేవి కావు. సముద్రమట్టానికి ఆరు వందల మీటర్లకు పైబడిన సాధారణమైన ఎత్తు మాత్రమే. అయినా ఈ కొండలు చేసే మేలు వాటి ఎత్తును మించినది.

కొండ మీద అనంతపద్మనాభస్వామి ఆలయం ఉన్నది. కార్తీక మాసంలో ఇక్కడ జాతర జరుగుతుంది. ఈ క్షేత్రానికి ముచుకుంద మహర్షి కథ ముడిపడి ఉన్నది. దేవతల పక్షాన రాక్షసులతో చిరకాలం పోరాడి అలసిన ముచుకుందుడు గాఢనిద్రను వరంగా కోరుకొన్నాడు. ఆ నిద్రకు భంగం కలిగించినవాడు భస్మమవుతాడని దేవతలు అనుగ్రహించారు. తనను తరుముకొని వచ్చిన కాలయవనుణ్ణి శ్రీకృష్ణుడు ఉపాయంగా ఆ గుహలోకి రప్పించాడు. నిద్రిస్తున్నవాడే కృష్ణుడని భ్రమించి కాలయవనుడు కాలితో తన్నాడు. ముచుకుందుని చూపు పడగానే బూడిద అయినాడు. అనంతరం ముచుకుందుడు స్వామి పాదాలను కడుగగా ఆ జలమే నదియై ప్రవహించిందని స్థానికుల విశ్వాసం. ముచుకుందా నదియే జనుల నోళ్లలో మూసీ అయిందని చెప్పుకొంటారు. తమకు ప్రాణాధారమైన నీటిని పాదతీర్థంగా భావించి కళ్లకద్దుకొన్న పూర్వుల సంస్కారం ఈ కథలో కనిపిస్తుంది.

పురాణం చెప్పిన ఊటకు భూగర్భశాస్త్రం మరొక కథ చెబుతుంది. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల కిందట దక్కను పీఠభూమి పశ్చిమ భాగంలో నేల పగుళ్ల నుండి లావా పొరలు పొరలుగా వెలువడి, చల్లబడి, నల్లని బసాల్టు శిలగా గట్టిపడింది. ఆ శిలల తూర్పు అంచు ఇంచుమించు వికారాబాదు ప్రాంతంతో ముగుస్తుంది. ఇక్కడి నుండి తూర్పుగా హైదరాబాదు వైపు పోతే కనిపించేవి గ్రానైటు గుట్టలే. అనంతగిరి మీద ఆ నల్లరాయి యుగయుగాల ఎండకు, వానకు శిథిలమై, పైభాగాన లాటరైటు అనే ఎర్రరాయిగా మారింది. లాటరైటు నిండా సన్నని రంధ్రాలుంటాయి. వర్షం కురిసినప్పుడు ఆ ఎర్రని పొర నీటిని తనలోకి పీల్చుకొంటుంది. కిందనున్న గట్టిరాయి ఆ నీటిని అంత సులభంగా లోపలికి దిగనీయదు. అప్పుడు ఆ నీరు పక్కకు జరుగుతూ కొండ వాలులో ఊటలై బయటపడుతుంది. పైనున్న అడవి వాన దెబ్బ నేల మీద పడకుండా కాచి, ఆకులు రాలిన నేలను మెత్తగా ఉంచి, నీరు ఇంకేందుకు తోడ్పడుతుంది. ఆ విధంగా వాన వెలిసిన తరువాత కూడా చాలాకాలం కొండ నీటిని దాచి, పొదుపుగా విడుదల చేస్తుంది.

ఈ ప్రాంతం సముద్రానికి దూరం. ఏ తీరానికైనా ఇక్కడి నుండి వందల కిలోమీటర్లు పోవాలి. కనుక ఎండనూ, చలినీ మెత్తబరచే సముద్రపు గాలి ఇక్కడికి చేరదు. రోహిణి కార్తెలో ఎండ నలభై డిగ్రీలు దాటి బండలు పగిలేటట్లు కాస్తుంది. మృగశిర ప్రవేశించిన తరువాత నైఋతి ఋతుపవనాలు వస్తాయి. ఏడాది వర్షంలో నాలుగింట మూడు వంతులకు పైగా జూన్ నుండి సెప్టెంబరు వరకే కురుస్తుంది. శ్రావణ భాద్రపదాలలో మబ్బులు కొండ మీదికి దిగివచ్చి చెట్ల నడుమ సంచరిస్తున్నట్లు కనిపిస్తాయి. మార్గశిర పుష్యాలలో ఆకాశం నిర్మలమై, పగటి వేడి రాత్రికల్లా శూన్యంలోకి జారిపోతుంది. కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత పది డిగ్రీలకు దిగువకు పడిపోతుంది.

అనంతగిరి చల్లదనానికి కొండ ఎత్తే కారణమని చాలామంది అనుకొంటారు. అది పూర్తిగా నిజం కాదు. వెయ్యి మీటర్ల ఎత్తుకు పోతే వేడిమి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. హైదరాబాదు కంటే అనంతగిరి అధికంగా ఉన్నది సుమారు నూరు మీటర్లు మాత్రమే. ఆ లెక్కన తగ్గవలసింది ఒక డిగ్రీ కంటే తక్కువ. మిగిలిన చల్లదనమంతా చెట్ల నీడ, ఆకులు వదిలే తేమ, సిమెంటు కప్పని నేల ప్రసాదించినవే. ఎత్తును ఎవరూ తీసుకొనిపోలేరు. కాని అడవిని తీసివేస్తే ఆ చల్లదనం అడవితోపాటే పోతుంది.

ఈ గాలి విలువను పూర్వం వైద్యులు గుర్తించారు. క్షయవ్యాధికి తొలి మందైన స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని వెలుగు చూడలేదు. అంతకుముందు ఆ రోగులకు స్వచ్ఛమైన గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం తప్ప వేరే చికిత్స లేదు. స్విట్జర్లాండులో దావోస్ వలె, రాయలసీమలో మదనపల్లె సమీపాన ఆరోగ్యవరం వలె, నిజాం రాజ్యంలో అనంతగిరి క్షయరోగుల ఆశ్రయమైంది. ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో ఇక్కడ శానిటోరియం వెలిసింది. ఇల్లు వాకిళ్లు వదిలి, అయినవారికి దూరమై, దగ్గుతో నిద్రలేని రాత్రులు గడిపిన ఎందరో ఈ చెట్ల గాలిని పీల్చి బ్రతుకు మీద ఆశ నిలుపుకొన్నారు.

ఈ కొండకు గల అసలు విశేషం వేరొకటి ఉన్నది. కొండ శిఖరం మీద పక్కపక్కనే పడిన రెండు వాన చినుకులు ఒకే దారిన పోకపోవచ్చు. తూర్పు వాలున జారినది మూసీలో కలుస్తుంది. పడమటి వాలున జారినది కాగ్నా నదిలో చేరుతుంది. ఇటువంటి ఎత్తును జలవిభాజకం అంటారు. ఒక పుట్టింట పుట్టిన ఇద్దరు ఆడపడుచులు చెరొక అత్తవారింటికి పోయినట్లు ఈ రెండు నదులు చెరొక దిక్కుకు పయనిస్తాయి.

జపాను దేశంలోని హ్యోగో ప్రాంతంలో తాంబా అనే నగరం ఉన్నది. సముద్రతీరం లేని, కొండల నడుమ ఒదిగిన ఊరు. జనాభా సుమారు అరవై వేలు. శరత్కాలపు ఉదయాలలో ఆ లోయ పొగమంచుతో నిండిపోతుంది. పగటికి రాత్రికి నడుమ వేడిమిలో ఎంతో భేదం ఉండే ఆ నేలలో పండే అజుకి అనే ఎర్రని పప్పుగింజలు దేశమంతటా ప్రసిద్ధి పొందాయి. అక్కడ కూడా ఒక జలవిభాజకం ఉన్నది. దాని ఎత్తు సుమారు తొంభై ఐదు మీటర్లే. అక్కడ పడిన వానలో ఒక పాయ ఉత్తరాన జపాను సముద్రానికి, మరొక పాయ దక్షిణాన సెటో లోతట్టు సముద్రానికి పోతుంది. ఆ ప్రజలు ఆ స్థలాన్ని ఉద్యానవనంగా తీర్చి, నీరు విడిపోయే చోటును పిల్లలకు చూపిస్తారు. తాంబాలో విడిపోయిన నీరు వేరువేరు సముద్రాలకు పోతుంది. అనంతగిరిలో విడిపోయిన నీరు మాత్రం మళ్లీ కలుస్తుంది.

కాగ్నా పడమరగా తాండూరు మీదుగా సాగుతుంది. అక్కడ భూమి స్వరూపమే మారిపోతుంది. నేలకింద పలకలు పేర్చినట్లుగా సున్నపురాయి పొరలున్నాయి. అవే నీలం, పసుపు ఛాయలతో ఇళ్లలో పరిచే తాండూరు నాపరాళ్లు. సిమెంటు పరిశ్రమలకు కూడా ఆ రాయే ఆధారం. గనులలో ఎండకు కాగిన బండల మధ్య పలుగు పట్టిన కూలీల చెమట ఆ రాళ్ల నునుపు వెనుక దాగి ఉన్నది. పైనున్న లోతైన నల్లరేగడి తేమను చాలాకాలం నిలుపుకొంటుంది. ఆ తేమతోనే కంది పైరు వానలు పోయిన తరువాత కూడా ఎదిగి, చలికాలంలో కాయ పట్టి పండుతుంది. తాండూరు కందిపప్పు రుచికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. తాంబా గింజకైనా, తాండూరు గింజకైనా రుచిని ఇచ్చినవి ఆ నేల, ఆ వాతావరణమే. కాగ్నా అక్కడి నుండి కర్ణాటకలో ప్రవేశించి, ఒకప్పుడు మాన్యఖేటమనే పేరుతో రాష్ట్రకూటుల రాజధానిగా వెలసిన మళఖేడు పక్కగా పారి భీమలో కలుస్తుంది. భీమ కృష్ణలో కలుస్తుంది.

తూర్పుకు పోయిన మూసీ రాజధానికి దాహం తీర్చింది. ఒకనాడు దాని గుండెలు అదరగొట్టింది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో దాదాపు పదిహేను వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా. ఆ విషాదం తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాపై మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ నిర్మితమయ్యాయి. వరదను అడ్డుకొనేందుకు కట్టిన ఆ జలాశయాలే తరతరాలుగా నగరవాసుల గొంతు తడిపాయి. వాటి రక్షణకై 1996లో ప్రభుత్వం 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. 2022లో ఆ ఆంక్షలను సడలిస్తూ మరొక ఉత్తర్వు వెలువడింది. నగరం దాటిన మూసీ మురుగును మోసుకొని, నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో చేరుతుంది. పుట్టిన చోటు నుండి అక్కడికి సుమారు 240 కిలోమీటర్లు. ఆ పాటికి కాగ్నా నీరు కూడా భీమతో కృష్ణను చేరి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి అక్కడికి వస్తుంది. ఆడపడుచులిద్దరూ వాడపల్లిలో మళ్లీ కలుసుకొంటారు. అయితే ఒకరు పుట్టింటి తెలుపుతో వస్తే, మరొకరు ఊరి మురికినంతా నెత్తికెత్తుకొని వస్తారు.

ఇప్పుడు పుట్టింటికే చిక్కు వచ్చిపడింది. సెలవుదినాలలో అనంతగిరికి నగరం తరలివస్తున్నది. అలసిన మనసులు చెట్ల నీడ కోరుకోవడం తప్పు కాదు. కాని వారు వదిలిపోయిన ప్లాస్టిక్ సంచులు, సీసాలు ఊటల దారిలోనే పేరుకొంటున్నాయి. అడవి అంచుల్లో విడిది గృహాలు లేస్తున్నాయి. పూడూరు మండలంలోని దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాలలో, సముద్రగర్భంలోని జలాంతర్గాములతో సంభాషించే నౌకాదళ ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. దేశరక్షణకు అది అవసరమని, చెట్లకు నష్టం వీలైనంత తగ్గిస్తామని ప్రభుత్వం చెప్పింది. అడవి తరిగితే మూసీకి నీరెక్కడిదని పర్యావరణ ప్రియులు, స్థానికులు కలత చెందారు. రెండు పక్షాల మాటలలోనూ బరువున్నది. ఒకటి మాత్రం నిశ్చయం: ఎర్రరాతి పొర మీద సిమెంటు పరిస్తే వాన నీరు ఇంకదు, ఇంకని నీరు వానాకాలంలో వరదగా పరుగెత్తుతుంది, వేసవిలో ఊటలను ఎండబెడుతుంది. ఆ నష్టం తూర్పున హైదరాబాదుకు, పడమర తాండూరు కంది చేనుకు సమానంగా తగులుతుంది.

మూసీని శుద్ధి చేయాలనే మాట నగరంలో తరచుగా వినిపిస్తుంది. మురుగునీటి శుద్ధి కేంద్రాలు, గట్లు, ఉద్యానవనాలు అవసరమే. అయితే నది ఆరోగ్యం వంతెనల కింద మొదలు కాదు. కొండ మీద మొదలవుతుంది. ఎగువన ఊట ఎండిపోతే దిగువన శుద్ధి చేయడానికి మిగిలేది మురుగు మాత్రమే. కళాశాల విద్యార్థులు విహారయాత్రకు అనంతగిరి వచ్చినప్పుడు, గుడి దర్శనం, చిత్రాలు తీసుకోవడం ముగిసిన తరువాత, ఒక్క నిమిషం ఆ ఊట దగ్గర నిలబడి దోసిలి పట్టగలిగితే చాలు. తాము నయాపూల్ మీద ముక్కు మూసుకొని దాటే నది చల్లగా, తేటగా వారి వేళ్ల సందుల నుండి జారుతుంది. దానిని అట్లాగే నగరానికి చేర్చే బాధ్యత ఎవరిదో అప్పుడు వారికి ఎవరూ చెప్పనక్కరలేదు.