ఎకాలజీ చదివితే ఏమొస్తది అని అడిగిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

డిగ్రీ చదివే మన పిల్లలు ఈ మధ్య ఒకే ప్రశ్న పంపుతున్నారు: "అన్నా, నువ్వు చేసేది అసలేం చదువు? దాంతో ఉద్యోగం వస్తదా?" ఒక్కొక్కరికి విడిగా చెప్పేకంటే ఇక్కడే రాస్తున్నా. కొంచెం పొడుగే, ఓపిక పట్టండి.

నేను చేసేది ఎకోసిస్టమ్ ఎకాలజీలో పీహెచ్‌డీ. తెలుగు పుస్తకాల్లో ఆవరణ వ్యవస్థ అంటారు. అడవిలో ఎన్ని పులులున్నాయి, ఎన్ని పిట్టలున్నాయి అన్న లెక్క వేరేవాళ్ళు చూస్తారు. మేము చూసేది అడవి జమాఖర్చు. గాలిలోంచి ఎంత కర్బనం చెట్టులోకి వచ్చింది, రాలిన ఆకుతో ఎంత నేలకు చేరింది, మట్టిలో ఎంత నిలిచింది, ఎంత మళ్ళీ గాలిలో కలిసింది. పని చూస్తే మీకు నవ్వొస్తది. ఎండుటాకులు తూకం వేసి నైలాన్ వల సంచుల్లో కుట్టి నేల మీద పెడతాం. నెలనెలా కొన్ని సంచులు తీసి, ఆరబెట్టి మళ్ళీ తూస్తాం. తగ్గిన బరువే మట్టి తిన్నది. ఒక డబ్బా నేల మీద బోర్లించి లోపల కార్బన్ డయాక్సైడ్ ఎంత పెరుగుతుందో కొలుస్తాం, అది మట్టి ఊపిరి. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో తీస్తాం. టేపు పట్టుకుని తిరగడం చూసి మా అమ్మ, "ఇంత చదివి దర్జీ పనా" అంది.

ఈ చదువుకీ బయో ఎనర్జీకీ సంబంధం ఏంటంటే, కట్టె నుంచో నూనె గింజల నుంచో ఇంధనం తీస్తే భూమికి మేలా, కీడా అని తేల్చేది ఈ జమాఖర్చే. 2008లో జోసెఫ్ ఫార్జియోన్, మరికొందరు సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. అడవినో గడ్డినేలనో కొట్టేసి ఇంధన పంట వేస్తే, కొట్టినప్పుడు లేచిన కర్బనం అప్పు తీరడానికి నేలను బట్టి 17 నుంచి 420 ఏళ్ళు పడుతుందని. అది చదివిన రోజు రాత్రి నిద్రపట్టలేదు.

ఎందుకంటే మన దేశంలో ఈ ఇంధన పంటలన్నీ "బంజరు" మీద వేయాలన్నారు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ అడవి ఆముదం, అదే జట్రోఫా, ఇలాంటి భూముల్లో పెంచమని చెప్పింది. 2009 విధానం 2017 కల్లా 20 శాతం కలపాలని లక్ష్యం పెట్టింది. డీజిల్ సంగతిలో ఆ దరిదాపులకు కూడా పోలేదు. సరే, పోనీ. నా బాధ ఆ బంజరు అనే మాటతో. కాగితం మీద బంజరు అని ఉన్నచోటే మన పశువులు మేస్తాయి. అక్కడే తునికాకు కోస్తాం, కట్టె తెచ్చుకుంటాం. పోడు వదిలేసిన చేను కూడా వాళ్ళ లెక్కలో ఖాళీయే.

మనోళ్ళకు కలిసొచ్చిన కథ కూడా ఒకటుంది. ఆదిలాబాద్ వైపు పవర్‌గూడ అని గోండుల గూడెం. అక్కడి మహిళా సంఘం కానుగ గింజలతో నూనె తీసింది. 2003లో ఆ నూనె లెక్కన 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఆదా అవుతుందని చూపించి ప్రపంచ బ్యాంకుకు అమ్మి 645 డాలర్లు తీసుకున్నారు. డబ్బు పెద్దదేం కాదు. కానుగ మాత్రం వాళ్ళకు తెలిసిన చెట్టు, ఏరింది వాళ్ళు, లెక్కలో పేరు కూడా వాళ్ళదే. నాకు నచ్చింది అది.

ఇప్పుడు నా పని. మా ఊరి చుట్టే మూడు చోట్లు పెట్టుకున్నా: అడవి, పోడు వదిలేసిన బీడు, జామాయిల్ తోట. మొదటి రోజు టేపు తీయగానే ఊరి పటేల్ తాత వచ్చి నిలబడ్డాడు. "మనవడా, ఇక్కడ కొలిచినోళ్ళంతా తర్వాత హద్దురాళ్ళు పాతినోళ్ళే. నీ లెక్క ఎవరి చేతికి పోతది?" అన్నాడు. గైడ్ ముందు, సెమినార్లలో ఎన్నో ప్రశ్నలు ఎదుర్కొన్నా. ఇంత గట్టిది ఎవరూ అడగలేదు. ఒకవేళ జామాయిల్ తోటలోనే కర్బనం ఎక్కువ ఉందని వస్తే? ఆ కాగితం పట్టుకుని ఎవరైనా మా బీడులో మొక్కలు నాటితే?

తాతకు ఉన్నదున్నట్టే చెప్పా. లెక్క ఎటు వస్తే అటే రాస్తా, మార్చను. కానీ ఏది లెక్కలోకి రావాలో అడిగే హక్కు నాకుంది. మాను ఒక్కటే కొలిస్తే తోట గెలవొచ్చు. నాలుగైదేళ్ళకోసారి కొట్టి లారీలో వేసుకుపోయే మాను అది, ఆ కర్బనం కూడా లారీతోనే పోతది. అందుకే మట్టి, వేరు, రాలిన ఆకు, మనుషులు తెచ్చుకునే తిండి, కట్టె అన్నీ రాస్తున్నా. పి.ఎస్. రామకృష్ణన్ మేఘాలయలో ఝూమ్ సాగును ఇట్లాగే ఏళ్ళ తరబడి కొలిచారు. చేను పదేళ్ళో అంతకన్నా ఎక్కువో విడిస్తే నేల కోలుకుంటది, ఐదేళ్ళకే తిరిగి నరికితే కోలుకోదు అని చూపించారు. 1992లో ఆయన పుస్తకం వచ్చింది. పోడు అంటేనే నాశనం అని క్లాసులో విన్నవాళ్ళు అది తప్పకుండా చదవాలి. తాత అంతా విని, "సరే, ఆ మూల చెట్టు దగ్గరికి మాత్రం పోకు, అక్కడ వేల్పులుంటారు" అన్నాడు. అక్కడ ప్లాటు వేయలేదు.

ఉద్యోగం సంగతి. దాచేదేం లేదు, దారి పొడుగు. ఎమ్మెస్సీ రెండేళ్ళు, పీహెచ్‌డీ ఐదారేళ్ళు, పోస్టులు తక్కువ. ఇంటికి వెంటనే జీతం కావాలంటే ముందు గురుకులం పోస్టో, ఫారెస్ట్ బీట్ ఆఫీసరో చూసుకోండి, అందులో చిన్నతనం లేదు. ఇటు రావాలనుకుంటే బీఎస్సీ ఫారెస్ట్రీకి ములుగులో కాలేజీ ఉంది (మేడారం ములుగు కాదు, సిద్దిపేట జిల్లా ములుగు). సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌లో ఎకాలజీ ఒక యూనిట్. జేఆర్ఎఫ్ వస్తే మొదట నెలకు 37,000. ఎస్టీ పిల్లలకు కేంద్రం నేషనల్ ఫెలోషిప్‌లు ఏటా 750, విదేశాల్లో చదవడానికి స్కాలర్‌షిప్‌లు 20. కుల ధ్రువపత్రం, మార్కుల మెమోలు ఇప్పుడే స్కాన్ చేసి పెట్టుకోండి, చివరి రోజు మన ఊళ్ళో సిగ్నల్ ఉండదు.

వచ్చే నెల రెండో ఆదివారం ఆకు సంచులు తీసి తూస్తున్నా. చూడాలనుకున్నవాళ్ళు ఇద్దరు ముగ్గురు రండి. బూట్లు వేసుకుని రండి, మధ్యాహ్నం తిండి మా ఇంట్లోనే.